నేను తుడిచేసిన నాడెలు

2023 జూన్. కోరుట్ల బస్టాండు నుంచి నాలుగడుగులు వేస్తే మా ఆన్‌లైన్ సెంటర్ వస్తుంది. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, రెండు ప్రింటర్లు, ఒక స్టీలు బీరువా, నేను. ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఆగస్టు దాకా మాకు ఊపిరాడదు. డిగ్రీ, నర్సింగ్, పాలిటెక్నిక్, ఎవరు ఏ దరఖాస్తు నింపాలన్నా ఇక్కడికే వస్తారు. బయటివాళ్లు మాది టైపింగ్ పని అనుకుంటారు. టైపింగ్ అందులో పావు వంతు. మనిషి చదువునూ, కులాన్నీ, ఆదాయాన్నీ, సంతకాన్నీ పోర్టల్ అడిగిన కొలతల్లోకి కుదించి ఎక్కించడం మా పని. ఒక్క కేబీ ఎక్కువైనా అది తీసుకోదు. దానికి దయాదాక్షిణ్యాలు లేవు.

ఈ ఊళ్లో నా స్కానింగుకు పేరుంది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాటే. పసుపు మరక పడ్డ మెమో, వానకు తడిసిన టీసీ, ఎలుక కొరికిన బోనఫైడ్, ఏది తెచ్చినా కంప్యూటర్లో ఎక్కించి, మడతల గీతలూ మరకలూ తీసేసి, నిన్ననే ఆఫీసులోంచి వచ్చినట్టు చేసి పంపిస్తాను. అక్షరం ముట్టుకోను, మరకను వదలను. జగిత్యాలలో అంతకన్నా పెద్ద సెంటర్లు ఉన్నా, అక్కడి నుంచి కూడా నా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు.

బీరువా సంగతి కూడా చెప్పాలి. అడ్మిషన్ల కాలంలో పిల్లల ఒరిజినల్స్, అంటే అసలు సర్టిఫికెట్లు, చాలామంది నా దగ్గరే పెడతారు. ఇంట్లో పెడితే ఎక్కడ పెట్టామో మరిచిపోతామని భయం. ఈ ఒరిజినల్స్ చాలా విలువైనవి. ఏ కాలేజీ చేతిలో పెడితే ఆ కాలేజీలోనే చేరినట్టు లెక్క. తర్వాత ఇంకోచోట సీటు వచ్చిందని అడిగితే ఎన్ని చెప్పులరిగినా తిరిగి రావు. అందుకే కాలేజీల పీఆర్ఓలు, అంటే ఊరూరా తిరిగి సీట్లు నింపేవాళ్లు, ముందు అడిగేది ఫైలునే.

అఖిల సిరిసిల్ల అమ్మాయి. వాళ్ల నాన్న రాజేశం అక్కడ ఒక షెడ్డులో సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేక, అఖిల కోరుట్లలో అమ్మమ్మ దగ్గర ఉండి, రోజూ బస్సులో జగిత్యాల వెళ్లి ఇంటర్ చదివింది. ఆ అమ్మాయి మొదటిసారి మా సెంటర్‌కు వచ్చినప్పుడు జరిగిన మాటలు నాకు బాగా గుర్తు.

"అక్కా, యానిమేషన్ డిగ్రీకి అప్లై చెయ్యాలె. రెండు యూనివర్సిటీలు."

"యానిమేషనంటే కార్టూన్లా?"

"కార్టూన్లు గూడ. బొమ్మలను నడిపిచ్చుడు అక్కా."

"నడిపిస్తే ఏమస్తది?"

"నడిపిచ్చుడస్తది," అంది. నవ్వలేదు. నిజంగానే చెప్పింది.

మొదటిది హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. దాని బ్రోచర్ చూస్తే నాకే మళ్లీ చదువుకోవాలనిపించింది. అద్దాల మేడలు, వరుసగా కంప్యూటర్లు, నల్ల కుర్చీలు. రెండోది పక్క రాష్ట్రంలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ. రైల్లో ఒక రాత్రి ప్రయాణం. దాని వెబ్‌సైట్ ఎప్పుడో పెట్టి మరిచిపోయినట్టుంది. ఒక ఫొటోలో పిల్లలు నేల మీద కూర్చుని ఒక మేక బొమ్మ వేస్తున్నారు. ఉన్న సీట్లు ఇరవై. రెండింటికీ పోర్ట్‌ఫోలియో అడిగారు. పోర్ట్‌ఫోలియో అంటే మనం వేసిన బొమ్మల్లోంచి ఏరి కట్టిన కట్ట. ప్రైవేటులో అది ఉంటే మంచిది. ప్రభుత్వ యూనివర్సిటీలో దానికి మార్కులుంటాయి, తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది.

రాజేశం ఫోన్ చేశాడు. "సెల్లె, రెండెందుకు? గా శ్రీనివాస్ సారు సీటు గ్యారంటీ అన్నడు. పరీక్ష లేదు, పంచాయితి లేదు. సిరిసిల్ల నుంచి హైదరాబాదుకు గంట గంటకు బస్సున్నది. గా రెండోదేమో గంత దూరం, తెల్వని భాష, ఆడివిల్లను ఎట్ల తోలాలె?"

శ్రీనివాస్ సారు ఆ ప్రైవేటు యూనివర్సిటీ పీఆర్ఓ. ఒకప్పుడు ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరు. అది మూతపడ్డాక ఈ పనిలోకి వచ్చాడు. చెడ్డవాడు కాదు, మాట మెత్తన. రాజేశంవాళ్ల వాడకట్టులోనే ఉంటాడు. రాజేశం అప్పటికే ఆయనకు మాట ఇచ్చేశాడు. రెండోదానికి అప్లై చెయ్యనిచ్చింది బిడ్డ మొండితనం చూసి మాత్రమే. నన్ను అడిగితే నేనూ ప్రైవేటుదే మేలనేదాన్ని. అద్దాల మేడ ముందు మేక ఎక్కడ ఆనుతుంది?

అఖిల పన్నెండు బొమ్మలు తెచ్చింది. అన్నీ పాత క్యాలెండర్ పేజీల వెనక తెల్ల వైపు పెన్సిల్‌తో వేసినవి. అప్‌లోడ్‌కు అదే ఆఖరి రోజు. సెంటర్లో ఇసకేస్తే రాలనంత జనం. "అక్కా, నువ్వు నిదానంగ చెయ్యి, నేను పొయ్యొస్త," అని కాగితాలు నా దగ్గర పెట్టి వెళ్లింది.

పన్నెండూ స్కాన్ చేశాను. పోర్టల్ ఐదు ఎంబీలకు మించి తీసుకోనంది, ఫైలేమో ఎనిమిది దాటింది. పేజీల ముందువైపు అంకెలు వెనక్కి కనబడుతున్నాయి. ముందు అవి తుడిచాను. అంతవరకు తప్పేం లేదు. తర్వాత బొమ్మల వైపు చూశాను. ఒకదాంట్లో వాళ్లమ్మమ్మ బీడీ చుడుతోంది. ముసలామెకు రెండు చేతులుండాలి కదా, ఎనిమిదో తొమ్మిదో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, లేతగా, నీడల్లాగా. ముదురుగా ఉన్నవి రెండే. ఇంకోదాంట్లో సాంచె. పడుగు దారాల మధ్య ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికే నాడె ఒకటే ఉంటుందని నేతగాళ్ల ఇంట పుట్టని నాకు కూడా తెలుసు. అఖిల తొమ్మిది గీసింది. పాపం, సరిగ్గా కుదరక మళ్లీ మళ్లీ గీసి ఉంటుంది, రబ్బరు సరిగ్గా పనిచేసి ఉండదు అనుకున్నాను. పెద్దవాళ్లు చూసే ఫైలు కదా, పిల్ల పరువు నిలబెడదామనుకున్నాను.

కూర్చుని తుడిచాను. దాదాపు రెండు గంటలు. బయట జనం గొణుగుతున్నా లెక్కచెయ్యలేదు. అవ్వకు రెండు చేతులు మిగిల్చాను. సాంచెకు ఒక నాడె మిగిల్చాను. పరుగెత్తే మేకపిల్లకు నాలుగు కాళ్లు మిగిల్చాను. ఫైలు నాలుగు ఎంబీలకు దిగింది. రెండు యూనివర్సిటీలకూ ఎక్కించి రసీదులు ప్రింటు తీశాను. మర్నాడు అఖిల వచ్చి కాగితాలు, రసీదులు తీసుకుపోయింది. ఎక్కించిన ఫైలు తను చూడలేదు. నేను చూపించనూ లేదు.

ప్రైవేటు యూనివర్సిటీ నుంచి, ఎక్కించిన పది నిమిషాల్లోనే మా సెంటర్ నంబరుకు వాట్సాప్ వచ్చింది. 'ఎక్సలెంట్ పోర్ట్‌ఫోలియో' అని, చప్పట్ల గుర్తులతో, ఫీజులో రాయితీ ఇస్తామని. ఆ ఎక్సలెంట్‌లో సగం నాదేనని నేను లోలోపల మురిసిపోయాను. దాచడమెందుకు, ఇద్దరు ముగ్గురు కస్టమర్లకు ఆ మెసేజ్ చూపించాను కూడా. ప్రభుత్వ యూనివర్సిటీ వాళ్లు పదిహేను రోజులకు ఇంటర్వ్యూ పిలుపు పంపారు. ఆన్‌లైన్లో, ఉదయం పదకొండుకు.

సరిగ్గా ఆ రోజే రాజేశం, శ్రీనివాస్ సారు కోరుట్ల వస్తామన్నారు. సారుకు కోరుట్లలో ఇంకో రెండిళ్లలో పనుంది. రాయితీకి అదే ఆఖరి రోజని, అఖిల ఒరిజినల్స్ నా బీరువాలోంచి తీసుకుని అటునుంచి అటే హైదరాబాదు పోతానని ఆయన చెప్పాడు. అఖిల వాళ్ల నాన్నను ఒకే ఒక్కటి అడిగింది: ఇంటర్వ్యూ మాత్రం ఇవ్వనిమ్మని. "ఇయ్యి, ఎవరొద్దన్నరు? గని నేను మాట ఇచ్చిన బిడ్డా," అన్నాడట.

ఇంటర్వ్యూకు మా పెద్ద కంప్యూటరు, కెమెరా పెట్టి ఇచ్చాను. నేను పక్క కంప్యూటరు దగ్గర కూర్చున్నాను. తెర మీద ముగ్గురు. ఇద్దరు సార్లు, ఒక మేడం. సార్లు ఇంగ్లీషులో అడుగుతుంటే అఖిల తడబడింది. మేడం మన భాష మనిషే. "తెలుగులో చెప్పమ్మా, నేను వాళ్లకు చెబుతాను," అంది. తర్వాత పోర్ట్‌ఫోలియో తెర మీద పెట్టారు. అవ్వ బొమ్మ వచ్చింది.

"చాలా శుభ్రంగా ఉన్నాయి," అంది మేడం. నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. "మరీ శుభ్రంగా ఉన్నాయి. ఫొటో పెట్టి దాని మీద ట్రేస్ చేశావా?"

అఖిల తెర దగ్గరికి వంగి చూస్తోంది.

"గిది నేనేసింది కాదు మేడం."

"మరి ఎవరు వేశారు?"

"ఏసింది నేనే మేడం. గని గిట్ల ఎయ్యలే. గీండ్ల చేతులుండాలె. చేతులన్ని ఎటో పోయినయ్."

ఆ చేతులు ఎటు పోయాయో తెలిసింది ఆ గదిలో నాకొక్కదానికే. స్కానర్ మీదికి నెట్టెయ్యొచ్చు, పాపం దానికి నోరు లేదు. నిజం చెప్తున్నాను, ఒక్క నిమిషం ఆ ఆలోచన వచ్చింది. కానీ తెర మీద ఆ ముగ్గురి ముఖాలు మారిపోతున్నాయి. పిల్ల దొంగ పని చేసిందని వాళ్లు అనుకోవడం నా కళ్ల ముందే జరుగుతోంది. లేచి కెమెరా ముందుకు వచ్చాను.

"తప్పు నాది మేడం. నేను గీ ఆన్‌లైన్ సెంటర్ నడుపుత. బొమ్మలు నేనే స్కాన్ చేసిన. తుడిచింది గూడ నేనే. గీ పిల్లకు తెల్వది."

"ఎందుకు తుడిచారు?"

"మరకలనుకున్న మేడం."

ఒక సారు నవ్వాడు. మేడం నవ్వలేదు. "అమ్మా, ఆ మరకల కోసమే మేము పోర్ట్‌ఫోలియో అడిగేది," అంది. చెయ్యి ఒకచోటు నుంచి ఇంకోచోటుకు పోయేటప్పుడు మధ్యలో ఎక్కడెక్కడ ఆగింది, ఎంత దూరం జరిగింది అని లేత గీతలతో గుర్తు పెట్టుకోవడాన్నే వాళ్లు చూస్తారట. గీతలు దగ్గరగా ఉంటే కదలిక నిదానం, ఎడంగా ఉంటే వేగం. యానిమేషనంటేనే అదట. నేను మిగిల్చింది మంచి బొమ్మలే కానీ, కదలని బొమ్మలు.

"అప్‌లోడ్ చేసినదానికే మార్కులు వెయ్యాలి, అది రూలు. దాన్ని నేను మార్చలేను," అంది మేడం. "కానీ ఇంటర్వ్యూ మార్కులు వేరే ఉన్నాయి. పన్నెండున్నరకు ఆఖరి అభ్యర్థి అయిపోతారు. తర్వాత అసలు కాగితాలు చూపించగలవా?"

కాగితాలు ఊరి అవతలి కొసన అమ్మమ్మ ఇంట్లో ఉన్నాయి. అఖిల లేచి వెళ్లి ఆటో ఎక్కింది. పోతూ నా వైపు ఒకసారి చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆటో అటు వెళ్లగానే రాజేశం, శ్రీనివాస్ సారు ఇటు వచ్చారు. రాజేశం అంతకుముందు నాకు ఫోన్లోనే పరిచయం. సన్నటి మనిషి, చొక్కా మీద అక్కడక్కడా దూది నూగు.

"అయిపోయిందా ఇంటర్వ్యూ? బిడ్డేది? ఫైలియ్యి సెల్లె, సారు పోవాలె," అన్నాడు.

బీరువా తాళంచెవి ఇంట్లో మరిచిపోయానని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చేసిన తప్పుకు అబద్ధాన్ని తోడు చెయ్యడమెందుకని ఆగాను. కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. వింటున్నకొద్దీ ఆయన ముఖం ఎర్రబడింది.

"అంటే నువ్వు చెడగొట్టినవ్. గిప్పుడు గది అచ్చేది లేదు. ఇగ గీ సీటన్న నిలవెట్టుకోనియ్యి. నువ్వు చేసిన తప్పుకు చేతిల ఉన్న సీటు గూడ ఇడిసిపెట్టాల్నా?"

న్యాయమైన మాట. ఫైలు వాళ్లది, బిడ్డ వాళ్లది. బీరువా తీసి ఫైలు ఆయన చేతుల్లో పెట్టాను. "ఒక్క ముప్పావుగంట ఆగుండ్రి అన్నా. ఆమె రానియ్యుండ్రి. తర్వాత మీ ఇష్టం," అన్నాను. పదకొండేళ్లలో ఒక కస్టమర్‌ను నేనలా బతిమాలడం అదే మొదటిసారి.

"ఆగుదాం తియ్యి అన్నా, నాకు గూడ గా ఇంట్ల పనున్నది. నేను పొయ్యొస్త," అని శ్రీనివాస్ సారే సర్దాడు. ఆ విషయంలో ఆయనకు నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను.

రాజేశం ఫైలు ఒళ్లో పెట్టుకుని మూలన కుర్చీలో కూర్చున్నాడు. నేను చాయ్ తెప్పించాను. ముట్టుకోలేదు.

అఖిల పన్నెండుంబావుకు వచ్చింది, క్యాలెండర్ కాగితాల చుట్ట చంకలో పెట్టుకుని. వాళ్ల నాన్న ఒళ్లో ఫైలు చూసింది. వెళ్లి కంప్యూటరు ముందు కూర్చుంది. పన్నెండూ నలభైకి మళ్లీ తెర వెలిగింది.

అవ్వ బొమ్మ కెమెరా ముందు పట్టుకుంది. మేడం ముందుకు వంగింది. "ఈ మూడో చెయ్యి ఏం చేస్తోంది?" "తూనికాకుల తంబాకు సమానం చేస్తది మేడం." "మరి ఇక్కడ ఐదు చేతులు ఇంత దగ్గరగా ఎందుకున్నాయి?" "దారం కట్టేటప్పుడు అవ్వ నిమ్మలమయితది మేడం. ఆకు పలుగుతదని." సార్లిద్దరూ ఏదో రాసుకున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాను. ఆ ఐదు చేతుల్లో నాలుగింటిని తీసేసింది నేనే.

తర్వాత సాంచె బొమ్మ. తొమ్మిది నాడెలు. రెండు కొసలా దగ్గర దగ్గరగా, మధ్యలో ఎడంగా.

"అంటే కొసల దగ్గర నిదానం, మధ్యలో వేగం అంటావు?"

"అవును మేడం. నిదానంగ ఎల్లి, జోరుగ పొయ్యి, మల్ల నిదానంగ ఆగుతది."

"గట్ల కాదు బిడ్డా!"

మూలలోంచి రాజేశం. అందరం ఉలిక్కిపడ్డాం. ఆయన కూడా ఉలిక్కిపడ్డట్టున్నాడు, నోరు జారినట్టు చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"ఎవరది?" అంది మేడం.

"మా బాపు మేడం. సాంచాలు నడుపుతడు."

"రమ్మనమ్మా. కెమెరా ముందుకు రమ్మను."

రాజేశం రానన్నాడు. అఖిల కుర్చీ జరిపింది. ఫైలు చంకలో పెట్టుకునే వచ్చి నిలబడ్డాడు. కళ్లు నేల మీదే.

"చెప్పండి, ఎట్లా పోతుంది?"

"గది ఊయల గాదు మేడం, నిదానంగ ఎల్లనీకి," అన్నాడు. మొదట మెల్లగా, తర్వాత గొంతు పెరిగింది. "పక్కకు కట్టె ఉంటది. గది ఫాట్‌మని కొడ్తది. దెబ్బ తిన్నకాడనే ఎక్కువ జోరు. అండ్లకెళ్లి పోంగ పోంగ జరంత తగ్గుతది. అవుతల పెట్టెల వడంగనే టక్కున నిలవడ్తది. నిదానంగ ఆగుడు లేదు. నిదానంగ ఆగిందంటే పోగులన్ని తెగుతయ్." చేత్తో గాలిలో నాడె పోయినట్టు చూపించాడు. నిజంగానే దెబ్బ తిన్నట్టు ఆ చెయ్యి కదిలింది, నిజంగానే టక్కున ఆగింది.

"మరి నువ్వెందుకు అట్లా వేశావమ్మా? పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావు కదా?"

అఖిల తల దించుకుంది. "గది కండ్లకు అందది మేడం. యూట్యూబ్‌ల ఏదైన నిదానంగ ఎల్లి నిదానంగ ఆగుతదని చెప్పిండ్రు."

"సరే. ఇప్పుడు మీ నాన్న చెప్పినట్టు వెయ్యి. ఐదు నిమిషాలు."

నేను ప్రింటర్లోంచి ఒక తెల్ల కాగితం తీసి ఇచ్చాను. అఖిల గీస్తుంటే రాజేశం వంగి చూస్తూ వేలితో చూపిస్తున్నాడు. "గీడ ఎడం వెట్టు. ఇంక జర. ఆఁ. గీడ పెట్టె, గీడ ఒక్కటే గియ్యి." మేడం, సార్లు చూస్తున్నారు. బయట ఇద్దరు కస్టమర్లు వచ్చి నిలబడితే నేను చేత్తో ఆగమన్నాను. కాగితం కెమెరా ముందు పెట్టింది. మేడం ఒకసారి చూసి, పక్క సారుతో వాళ్ల భాషలో ఏదో అంది. "థాంక్యూ. థాంక్యూ అండీ," అని రాజేశంతో కూడా అంది. అంతే, తెర ఆరిపోయింది. సీటు ఇస్తామని గానీ ఇవ్వమని గానీ చెప్పలేదు.

శ్రీనివాస్ సారు అప్పటికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అయిందా అన్నా? పోదమా? అయిదు లోపట ఫైలు అప్పజెప్పాలె."

రాజేశం ఫైలు చంకలోంచి తీసి చేతుల్లోకి తీసుకున్నాడు. అఖిల కాగితాలు చుట్టుకుంటోంది, తల ఎత్తడం లేదు.

"సారూ," అన్నాడు రాజేశం, "మీ యూనివర్సిటోళ్లు బొమ్మలు సూసిండ్రా?"

"సూసిండ్రు. ఎక్సలెంట్ అని రాసిండ్రు గదా."

"సాంచెకు ఎన్ని నాడెలున్నయని ఎవ్వలన్న అడిగిండ్రా?"

సారు అర్థం కాక నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

"ఒక్కటే సార్ ఉన్నది గండ్ల. నిలవడ్డ నాడె. నిలవడ్డ సాంచెను సూసి మా షెడ్ల మేస్త్రి గూడ ఎక్సలెంట్ అనడు," అన్నాడు రాజేశం. "మాట ఇచ్చిన, నిజమే. తప్పయింది, ఏమనుకోకు. నా బిడ్డ ఫైలు మాత్రం నేనియ్య."

సారు చాలా చెప్పాడు. చేతిలో సీటు వదులుకుంటే రేపు ఏడ్చినా రాదన్నాడు. అక్కడ రాకపోతే ఏం చేస్తావన్నాడు. "జగిత్యాలల బీకాం చదువుతది," అన్నాడు రాజేశం. అఖిల ముఖంలో రంగు పోయింది కానీ వద్దనలేదు. ఫైలు మళ్లీ నా చేతికిచ్చి, బీరువాలో పెట్టి తాళం వేసేదాకా చూసి, తండ్రీకూతుళ్లు వెళ్లారు. వెళ్తూ చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు.

వారం తర్వాత మొదటి జాబితా వచ్చింది. అఖిల పేరు లేదు. వెయిటింగ్‌లో రెండో నంబరు. మార్కులు కూడా పెట్టారు. ఇంటర్వ్యూలో చాలా బాగా వచ్చాయి, పోర్ట్‌ఫోలియోలో సగం కూడా రాలేదు. ఆ సగం లోటు నా రెండు గంటల చాకిరి. జాబితా ప్రింటు తీసి అఖిల చేతికిస్తూ "నన్ను క్షమించు బిడ్డా," అన్నాను. "నువ్వు గావాలని చేసినవా అక్కా," అంది. ఆ మాటతో నాకు ఇంకా ఏడుపొచ్చింది. ఆ రోజే జగిత్యాలలో బీకాంకు కూడా ఆప్షన్ పెట్టాం. ప్రైవేటు సీటు అప్పటికే ఇంకెవరికో వెళ్లిపోయింది. రెండో జాబితాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పొద్దున సెంటర్ తెరవగానే, దేవుడి పటానికి దండం పెట్టకముందే, ఆ యూనివర్సిటీ సైటు తెరిచేదాన్ని. రాజేశం ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. చేసి తిట్టినా నాకు తేలికయ్యేది.

పన్నెండో రోజు పేరు వచ్చింది. మొదటి జాబితాలో ఉన్నవాళ్లు ఇద్దరు వేరేచోట చేరారట. కానీ హాస్టల్ మొదటి జాబితా వాళ్లతోనే నిండిపోయింది. మొదటి ఏడాదంతా అఖిల బయట ఇంకో ముగ్గురు అమ్మాయిలతో గదిలో ఉండాల్సి వచ్చింది, ఇంట్లోవాళ్లకు ఆ భారం అదనం. అది కూడా నా ఖాతాలోనే రాసుకోవాలి. కథ సుఖాంతమైందని ఎవరైనా అంటే నేను ఈ ముక్క కూడా కలిపి చెబుతాను.

అప్పటినుంచి మా సెంటర్లో ఒక పద్ధతి మారింది. సర్టిఫికెట్ల మీద మరకలు ఇప్పటికీ తీస్తాను. కానీ మనిషి చేత్తో చేసినది ఏదైనా, బొమ్మ గానీ, రాత గానీ, పక్కన కూర్చోబెట్టుకుని అడగందే ఒక్క చుక్క ముట్టుకోను. నాకు మరకలా కనబడేది వాళ్లకు పని కావచ్చు. ఏ యూనివర్సిటీ మంచిదక్కా అని ఇప్పటికీ పిల్లలు అడుగుతారు. నాకేం తెలుసు? అద్దాల మేడ చూసి మోసపోయినదాన్ని. వాళ్లను ఒక్కటే తెలుసుకు రమ్మంటాను. నువ్వు చేసింది వాళ్లలో ఎవరన్నా చూశారా, చూసి ఏమడిగారు? ఏమీ అడగకుండా బాగుందన్నవాళ్లతో జాగ్రత్త. ఇది రాజేశం నాకు నేర్పిన సంగతి, నా సొంతం కాదు.

రెండో జాబితా వచ్చిన రోజు సాయంత్రం ఆయన ఫోన్ వచ్చింది. వెనక సాంచాల చప్పుడు, ఆయన దాని మీద అరుస్తున్నాడు.

"సెల్లె, అచ్చిందట గదా! బిడ్డ చెప్పింది. చేరేటందుకు మల్ల ఏందో బొమ్మలు పంపాల్నట. పది కొత్తయి ఏసింది. రేపు తెస్తది."

"అన్నా, జగిత్యాలల పెద్ద సెంటరున్నది, ఆడ చేపియ్యరాదుండ్రి," అన్నాను.

"ఎందుకు? నువ్వే చెయ్యి," అన్నాడు. "గని ఏం తుడువకు."